స్విచ్ చార్జ్ అవ్వడం లేదా? చిప్పు జోలికి వెళ్ళే ముందు పోర్టు చూడండి

ఇది నింటెండో స్విచ్ అనే గేమ్ కన్సోల్ బోర్డు గురించి. 2017లో వచ్చిన మొదటి మోడల్, 2019లో బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేలా మార్చిన మోడల్, మా నెల్లూరు వైపు బల్ల మీదికి ఎక్కువగా వచ్చేవి ఈ రెండే. డాలస్‌లో ఉండే బాబాయో, న్యూజెర్సీ మేనమామో పిల్లలకి తెచ్చినవి. లైట్, ఓఎల్ఈడీ మోడళ్ళలో భాగాలు ఉండే చోటు మారుతుంది గానీ చార్జింగ్ లెక్క ఇదే. వెనక మూత తీయడం, అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం, మల్టీమీటర్‌ని డయోడ్ మోడ్‌లో వాడటం, హాట్ ఎయిర్ పట్టడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

వచ్చే ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఒకటే. "చార్జ్ ఎక్కడం లేదన్నా, ఎం92 ఐసీ పోయిందంట, మార్చి ఇయ్యి." వీడియోలు చూసి రోగం పేరు, మందు పేరు కూడా వాళ్ళే పట్టుకొస్తారు. చార్జరుతో మాట్లాడి ఎన్ని వోల్టులు కావాలో ఖాయం చేసుకునే ఎం92టీ36 అనే ఆ చిప్పు పోవడం నిజమే, బాగానే పోతుంది. కానీ ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. అసలు చాలా సెట్లలో అది పోనే పోదు.

ఏ వెలుగూ లేదు, బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు

మూత విప్పకముందు చూడాల్సినవి. వీటిని దాటేసి నేరుగా బోర్డు ఫోటో పంపి "ఏ ఐసీ అన్నా?" అని అడిగేవాళ్ళకి నేను జవాబివ్వడం మానేశాను.

చార్జరు. స్విచ్‌తో వచ్చే అడాప్టర్ మీద రెండు లెక్కలుంటాయి: 5 వోల్టులు 1.5 ఆంపియర్లు, 15 వోల్టులు 2.6 ఆంపియర్లు. ఆ 15 వోల్టులు ఇవ్వగల చార్జరుతో చూస్తేనే పరీక్ష. ఇంట్లో ఉన్న ఫోను చార్జరు పెట్టి "5 దగ్గరే ఆగిపోయింది, చిప్పు పోయింది" అని తేల్చేస్తారు. ఆ చార్జరు డబ్బా మీద 65 వాట్లు అని పెద్దక్షరాల్లో ఉండొచ్చు. అది ఆ కంపెనీ ఫోనుతో మాత్రమే మాట్లాడే పద్ధతి అయితే స్విచ్‌కి ఇచ్చేది మామూలు 5 వోల్టులే. చార్జరు ఒంటి మీద సన్నక్షరాలు చదవండి. 15 వోల్టులు అని అచ్చు వేసి లేకపోతే దాన్ని పక్కన పెట్టండి.

ప్లగ్గు. అమెరికా నుంచి వచ్చిన అడాప్టర్‌కి రెండు బల్లపరుపు పిన్నులుంటాయి. దాన్ని మన గోడ సాకెట్‌లో పెట్టడానికి ఫ్యాన్సీ షాపులో కొన్న కన్వర్టర్ వాడతారు. అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి మన కరెంటుతో దానికి పేచీ లేదు. పేచీ ఆ కన్వర్టర్‌తోనే. లోపల రేకు వదులై, అడాప్టర్ బరువుకి కిందికి వాలి, కాంటాక్టు వచ్చీ పోతూ ఉంటుంది. గట్టి కన్వర్టర్‌తో ఒక్కసారి చూస్తే ఖర్చు లేకుండా తేలిపోయే సంగతి.

తర్వాత, పవర్ బటన్ 12 సెకన్లకి తగ్గకుండా నొక్కి పట్టి వదలండి, మళ్ళీ మామూలుగా ఒకసారి నొక్కండి. నిద్రలోకి జారి లేవని సెట్టు ఇంతతో లేస్తుంది. సెలవులయ్యాక బీరువాలో పడేసి నెలల తర్వాత తీసిన సెట్టయితే బ్యాటరీ పూర్తిగా అడుగంటి ఉంటుంది. సరైన చార్జరు పెట్టి అరగంట దాని మానాన దాన్ని వదిలేయండి. ఐదేసి నిమిషాలకోసారి ఊడదీసి చూస్తుంటే అది ఎప్పటికీ లేవదు.

చివరగా పోర్టు. టార్చి వేసి, వీలైతే భూతద్దంతో, లోపలికి చూడండి. పిన్నులుండే నాలుక సరిగ్గా మధ్యలో నిలబడి ఉందా, ఒరిగిందా, దుమ్ము పేరుకుందా, ఎక్కడైనా ఆకుపచ్చగానో తెల్లపొడిగానో కనిపిస్తోందా? ఆ ఆకుపచ్చ గురించే ఈ వ్యాసంలో సగం.

మీటర్ ఏమంటోంది

యూఎస్‌బీ-సీ మీటర్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. చార్జరుకీ స్విచ్‌కీ మధ్యలో పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపించే చిన్న డబ్బా అది. బ్యాటరీ బోర్డుకి తగిలించే ఉంచి, ముందు ఒక వైపు, తర్వాత ప్లగ్గు తిప్పి రెండో వైపు పెట్టి చూడండి. రెండు వైపులా చూడమని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చూడరు.

యూఎస్‌బీ-సీలో సీసీ1, సీసీ2 అని రెండు లైన్లుంటాయి. ప్లగ్గు ఒక వైపు పెడితే చార్జరు ఒక లైను మీద మాట్లాడుతుంది, తిప్పి పెడితే రెండో దాని మీద. ఒక వైపు 15 వచ్చి రెండో వైపు రాకపోతే చార్జరూ బ్యాటరీ మంచివేనని అక్కడికక్కడే తేలిపోతుంది. తప్పు పోర్టులోనో, ఆ ఒక్క సీసీ లైనులోనో, చిప్పులో ఆ లైను తాలూకు భాగంలోనో ఉంది. వెతకాల్సిన చోటు గోరంతకి తగ్గిపోయింది.

మంచి సెట్టు 5 వోల్టులతో మొదలై ఒకటి రెండు సెకన్లలో 15కి ఎక్కి అక్కడే ఉంటుంది. మీటర్ మీద ఏమీ రాకపోతే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో పెట్టినప్పుడు, అవతల పరికరం ఉందని సీసీ లైను మీద తెలిసేదాకా చార్జరు అసలు కరెంటే వదలదు. అలాంటప్పుడు సున్నా కనిపిస్తే పోర్టు చచ్చిందని కాదు, చార్జరుకి మీ సెట్టు కనపడలేదని. పాత పద్ధతి ఏ-టు-సీ కేబుల్‌తో ఇంకోసారి చూడండి. అందులో 5 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. దాంతో కొద్దో గొప్పో ఆంపియర్లు తీసుకుంటూ, సీ-టు-సీతో సున్నా చూపిస్తోందంటే గొడవంతా సీసీ దగ్గరే.

5 వోల్టుల దగ్గర నిలబడి 0.4 ఆంపియర్ల చుట్టూ తిరుగుతుంటే చార్జరుతో బేరం కుదరలేదన్నమాట. వీడియోల్లో "ఎం92 పోయింది" అని చెప్పేది దీన్నే. కావచ్చు. 5కి ఎక్కి, పడిపోయి, మళ్ళీ ఎక్కి, లేదా 15 దాకా వెళ్ళి సున్నాకి పడి మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుంటే మాత్రం చిప్పు మాట పక్కన పెట్టి కింది భాగం చదవండి.

అసలు దొంగ: ఉప్పు పట్టిన పోర్టు

మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె, కావలి పక్కన తుమ్మలపెంట, అటు సింగరాయకొండ దగ్గర పాకల, ఒంగోలు దాటితే కొత్తపట్నం. ఈ తీరం పొడుగునా సముద్రపు గాలి, రొయ్యల చెరువులు, ఇస్కపల్లి వైపు ఉప్పుమడులు. ఇళ్ళల్లో ఇనప కిటికీ ఊచలకి ఏమవుతుందో అందరికీ తెలుసు. అరమిల్లీమీటరు దూరంలో వరసగా నిలబడ్డ రాగి మిశ్రమం రేకులకి ఏమవుతుందో మాత్రం ఎవరూ ఆలోచించరు. ఊళ్ళో ఉన్నవాళ్ళకి కూడా మినహాయింపు లేదు. పిల్లల చేతి చెమటలోనూ ఉన్నది ఉప్పే.

యూఎస్‌బీ-సీ పోర్టులో పిన్నులు 24, రెండు వరసలుగా. వాటిలో చార్జింగ్ కరెంటు వచ్చే వీబస్ పిన్నుల్లో ఒకటి సరిగ్గా సీసీ పిన్ను పక్కనే ఉంటుంది. పై వరసలో నాలుగోది వీబస్, ఐదోది సీసీ. కింది వరసలోనూ అంతే. ఒకటి 15 వోల్టుల దాకా మోసేది. రెండోది ఒకటి రెండు వోల్టుల మీద చార్జరుతో మెల్లగా మాట్లాడుకునేది. ఆ రెంటి మధ్య సన్నని ఉప్పు పొర ఏర్పడి, దానికి తేమ తగిలిందనుకోండి. వీబస్ నుంచి సీసీలోకి కరెంటు జారడం మొదలవుతుంది.

సీసీ లైను మీద వోల్టేజీ ఒక హద్దు దాటితే చార్జరు "అవతల ఎవరూ లేరు, ప్లగ్గు ఊడదీశారు" అనుకుని కరెంటు ఆపేస్తుంది. 3 ఆంపియర్ల చార్జరుకి ఆ హద్దు 2.6 వోల్టులు. కరెంటు ఆపగానే జారడానికి ఏమీ ఉండదు కాబట్టి సీసీ మళ్ళీ మామూలవుతుంది. చార్జరు "ఓహో, వచ్చారు" అని మళ్ళీ వదులుతుంది. మీటర్ మీద మీరు చూసే ఎక్కడం, పడటం ఇదే. లీకేజీ 10 కిలో ఓమ్‌ల దగ్గరుంటే 5 దగ్గరే తెగుతుంది. 20, 30 కిలో ఓమ్‌లు ఉంటే 5 వోల్టుల దగ్గర నిలబడుతుంది గానీ 15కి ఎక్కగానే తెగుతుంది. ఇది పూర్తి షార్ట్ కాదు కాబట్టి మల్టీమీటర్ బీప్ మోడ్‌లో ఏమీ అరవదు. బీప్ రాలేదు కదా అని పోర్టు మంచిదని సర్టిఫికెట్ ఇచ్చేసి చిప్పు మీద పడతారు.

ఇక్కడే మోసం. బోర్డుని స్టాండుకి బిగించి, పక్కనే ఉన్న ఎం92 మీద హాట్ ఎయిర్ పట్టి తీస్తారు. ఆ వేడికి పోర్టు లోపలి తేమంతా ఆవిరైపోతుంది. కొత్త చిప్పు వేసి చార్జరు పెడితే 15 వోల్టులు నిలబడతాయి. చిప్పు మార్చాం, బాగుపడింది అనుకుంటారు. నిజానికి పోర్టు ఆరింది కాబట్టి బాగుపడింది. పాత చిప్పుని మళ్ళీ వేసినా పనిచేసేది! ఏసీ గదిలో ఉన్న షాపుల్లో ఇంకో తమాషా జరుగుతుంది. సెట్టు తెచ్చి కాసేపు బల్ల మీద పెట్టేసరికే, ఏసీ గాలిలో తేమని లాగేయడంతో పోర్టు ఆరి చార్జ్ ఎక్కుతుంది. "నీ చార్జరే బాగలేదు, తీసుకుపో" అంటారు. ఇంటికెళ్ళాక మళ్ళీ ఫోను: "ఏందబయా, మళ్ళా ఆగిపోయిందే!"

కాలం కూడా దీనికి సాక్ష్యం చెబుతుంది. నెల్లూరు జిల్లాకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. రోహిణి కార్తెలో చక్కగా ఎక్కిన సెట్టు కార్తీకంలో మొరాయించిందంటే ముందు అనుమానించాల్సింది పోర్టునే. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీరు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా కలిసి ఉంటుంది. అది 33 శాతం దగ్గరే చెమ్మ పట్టేస్తుంది. మన తీరంలో గాలి అంతకంటే పొడిగా ఉండే రోజులు అరుదు.

అలాగే వాడుతూ పోతే పరిస్థితి లీకేజీతో ఆగదు. తేమ, ఉప్పు, వోల్టేజీ మూడూ ఉన్నచోట వీబస్ పిన్ను మెల్లగా కరుగుతుంది. ఆ లోహమే ఆకుపచ్చ పసరులాగా, కొన్నిసార్లు సన్నని పోగుల్లాగా పక్క పిన్ను వైపు పాకుతుంది. పోగు తగిలిన రోజున సీసీ లైనులోకి 15 వోల్టులు నేరుగా వెళ్తాయి. ఆ లైను అంత వోల్టేజీని మోయడానికి చేసింది కాదు. చార్జరు గమనించి తెంచేలోపే ఎం92 లోపల సీసీ భాగం పోతుంది. ఈసారి చిప్పు నిజంగానే పోయింది. పోర్టు అలాగే ఉంచి కొత్త చిప్పు వేస్తే దానికీ అదే గతి. "ఇంతకుముందు వేరేచోట ఐసీ మార్పించాం, నెల కూడా పనిచేయలేదు" అని వచ్చే బోర్డుల్లో నేను ముందు చూసేది చిప్పు చుట్టూ సోల్డరింగ్ ఎలా చేశారని కాదు, పోర్టు మార్చారా లేదా అని. సాధారణంగా మార్చి ఉండరు.

దీన్ని పట్టుకోవడం ఎలా

బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. పోర్టులో గుచ్చే చిన్న టెస్ట్ బోర్డు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ప్రతి పిన్నుకీ బయట ఒక ప్యాడ్ ఉంటుంది, పేరు రాసి ఉంటుంది. స్విచ్ పోర్టులో పిన్నుల వరస ఒకటి వెనక కనపడుతుంది, రెండోది ఇనప కవచం కింద దాక్కుంటుంది. కనపడే వరస మీద ప్రోబ్ పెట్టి మొత్తం పోర్టు బాగుందనుకోవడం కుదరదు. అందుకే ఆ టెస్ట్ బోర్డు కొనమంటున్నాను.

మల్టీమీటర్‌ని ఓమ్‌లలో పై రేంజ్‌కి పెట్టి, వీబస్‌కీ సీసీ1కీ మధ్య, తర్వాత వీబస్‌కీ సీసీ2కీ మధ్య చూడండి. రెండూ ఇంచుమించు ఒకేలా ఉండాలి. ఒకటి స్పష్టంగా తక్కువుంటే అదే దోషి. మంచి బోర్డు దగ్గరుంటే దాంతో పోల్చండి, లేకపోతే రెండు సీసీలని ఒకదానితో ఒకటి పోల్చండి.

రెండూ బాగానే కనిపిస్తే ఆ పరీక్ష పొడిగా ఉన్నప్పుడు చేశారన్నమాట. అప్పుడు ఒక చిన్న ఉపాయం. ప్రోబ్‌లు అలాగే ఉంచి, టెస్ట్ బోర్డు కాస్త వెనక్కి లాగి, పోర్టులోకి నోటితో వెచ్చని ఆవిరి ఊదండి. అద్దం మీద ఊదినట్టు, హా అని. మళ్ళీ లోపలికి నెట్టి రీడింగ్ చూడండి. ఉప్పు ఉంటే నంబరు ఒక్కసారిగా కిందికి జారి, ఆరుతున్నకొద్దీ మెల్లగా పైకి పాకుతుంది. శుభ్రమైన పోర్టులో కదలికే ఉండదు, ఉన్నా క్షణంలో సర్దుకుంటుంది. నాకు తెలిసి ఈ జబ్బుకి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. దీనికి ఖర్చూ లేదు.

కడగడం, మార్చడం

అందరూ చేసే పని 99 శాతం ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) పోసి బ్రష్ పెట్టి రుద్దడం. జిడ్డు పోతుంది, ఫ్లక్స్ పోతుంది, ఉప్పు పోదు. ఉప్పు ఆల్కహాల్‌లో దాదాపు కరగదు. రుద్దిన ఉప్పు పోర్టు మూలల్లోకి, ఇనప కవచం కిందికి చేరి అక్కడ స్థిరపడుతుంది.

ముందు నీళ్ళే కావాలి, కానీ కుళాయి నీళ్ళు కాదు. మన తీరంలో బోరు నీళ్ళలోనే ఉప్పు ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి, ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది. అదే షాపులో ఆసిడ్ డబ్బాలు కూడా పక్కనే ఉంటాయి, లేబుల్ చూసి తీసుకోండి. బోర్డు నుంచి బ్యాటరీ, స్క్రీన్, ఫ్యాను అన్నీ విడదీశాక పోర్టు భాగం మాత్రం ఆ నీళ్ళతో మెత్తని బ్రష్‌తో రెండు మూడు దఫాలు కడగండి. ప్రతిసారీ కొత్త నీళ్ళు. తర్వాత ఐపీఏ. ఇప్పుడు దాని పని ఆ నీళ్ళని తోసేయడం. తర్వాత తక్కువ వేడి గాలితో నిదానంగా ఆరబెట్టి, చల్లారాక, మళ్ళీ ఆవిరి పరీక్ష చేయండి. నంబరు కదలకపోతే అయిపోయినట్టే.

బియ్యం డబ్బాలో పెట్టి తెచ్చేవాళ్ళకి ఒక మాట. నెల్లూరు మొలగొలుకుల బియ్యమైనా సరే, ఉప్పుని పీల్చవు. పైగా గింజ పోర్టులో ఇరుక్కుంటే అది తీయడం ఇంకో పని.

పిన్ను మీద పూత పోయి నల్లబడితే, గుంటలు పడితే, పచ్చదనం కవచం లోపలికి పాకి కనిపిస్తే కడగడంతో కాలం వృథా చేయకండి. పోర్టు మార్చేయండి. నాలుగు మూలల కాళ్ళు గ్రౌండుకి కలిసి ఉంటాయి. అవే వేడంతా పీల్చేస్తాయి. కింద నుంచి ప్రీహీటర్ లేకుండా పై నుంచే గాలి కొట్టి, ఓపిక పోయి ట్వీజర్స్‌తో లాగితే పోర్టుతో పాటు ప్యాడ్లూ ఊడొస్తాయి. తక్కువ వేడికి కరిగే లెడ్డు (సోల్డర్) కాళ్ళకి కలిపి, ఫ్లక్స్ ధారాళంగా వేసి, పోర్టు తనంతట తాను కదిలేదాకా ఆగండి. ఊడిన ప్యాడ్లు కుట్టుకునే పని, పోర్టు మార్చే పనికి మూడింతలు.

పోర్టు తీసేశాక కొత్తది వేసే ముందు ఖాళీ ప్యాడ్ల మధ్య కూడా కడగండి. అక్కడ మిగిలిన పచ్చ మరక కొత్త పోర్టు కింద హాయిగా బతుకుతుంది.

పోర్టు సరిగ్గా ఉన్నా 5 దగ్గరే ఆగితే

ఇప్పుడు ఎం92 వంతు. పోర్టు తీసి ఉన్నప్పుడే చూడటం తేలిక. డయోడ్ మోడ్‌లో ఎర్ర ప్రోబ్ గ్రౌండు మీద, నల్ల ప్రోబ్ సీసీ1 ప్యాడ్ మీద, తర్వాత సీసీ2 మీద. రెండూ దగ్గరదగ్గరగా రావాలి. ఒకటి సున్నా వైపు పడితే, లేదా తెరిచిన లైనులా ఏమీ చూపించకపోతే చిప్పు పోయింది. చిప్పు చుట్టూ ఉన్న చిన్న కెపాసిటర్లు కూడా ఒక్కొక్కటి చూడండి. రెండు చివరలూ గ్రౌండుకి బీప్ కొట్టేది ఉంటే అది కెపాసిటర్ తప్పు కాకపోవచ్చు, ఎక్కువసార్లు ఆ లైను మీద కూర్చున్న చిప్పే షార్ట్ అయి ఉంటుంది. చిప్పు తీసి మళ్ళీ కొలవండి. షార్ట్ పోతే సంగతి తేలింది.

ఆన్‌లైన్‌లో కొత్త చిప్పులంటూ వచ్చేవాటిలో పాత బోర్డుల నుంచి పీకి శుభ్రం చేసినవి కలుస్తాయి. కాళ్ళ మీద పాత లెడ్డు జాడ ఉందేమో భూతద్దంతో చూసి వేయండి.

వరస తప్పకండి. ముందు పోర్టు, తర్వాత చిప్పు. రెండూ వేశాక ప్లగ్గు రెండు వైపులా 15 చూపించాలి.

15 వస్తోంది, బ్యాటరీ మాత్రం ఎక్కదు

చార్జరుతో బేరం కుదిరింది, లోపల పంచేవాడు పనిచేయడం లేదు. పంచేది బీక్యూ24193 అనే చార్జింగ్ చిప్పు. కానీ దానికంటే ముందు బ్యాటరీని కొలవండి. 3.7 వోల్టులు, 4310 ఎంఏహెచ్ ప్యాక్ అది. కనెక్టర్ దగ్గర 3 వోల్టులకంటే తక్కువుంటే చార్జింగ్ చిప్పు కావాలనే బొట్టుబొట్టుగా ఎక్కిస్తుంది. మీటర్ మీద ఆంపియర్లు తక్కువ కనిపించి చిప్పు పోయిందేమో అనిపిస్తుంది. కాసేపు ఆగితే పెరుగుతుంది. ఒంగోలు ఎండల్లో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేసిన సెట్ల బ్యాటరీ ఉబ్బి ఉంటుంది. వెనక మూత ఉబ్బెత్తుగా కనిపిస్తే ఇనప పనిముట్టుతో తవ్వకండి.

బ్యాటరీ మంచిదై, బీక్యూ పక్కన పెద్ద కాయిల్ దగ్గర గ్రౌండుకి షార్ట్ ఉంటే బోర్డు మీద ఎక్కడో ఏదో కాలింది. బెంచ్ పవర్ సప్లైలో 1 వోల్టు పెట్టి, కరెంటు పరిమితి తక్కువ నుంచి పెంచుతూ ఆ లైనులోకి ఎక్కించండి. బోర్డు మీద ఐపీఏ పల్చగా రాస్తే ఎక్కడ ముందు ఆరిపోతుందో అక్కడే వేడి, అక్కడే షార్ట్. చాలాసార్లు అది ఒక చిన్న కెపాసిటర్. తీసేస్తే బోర్డు లేస్తుంది. వేడెక్కేది మధ్యలో ఉన్న పెద్ద ప్రాసెసరే అయితే వెంటనే ఆపేయండి.

మిగతావి

టీవీలో బొమ్మ రాకపోతే ముందు డాక్‌కి (సెట్టుని టీవీకి కలిపే స్టాండుకి) పెట్టిన చార్జరు చూడండి. డాక్‌కి 15 వోల్టులు అందకపోతే టీవీ మోడ్ రాదు. చార్జరు సరైనదే అయితే కవచం కింద దాక్కున్న వరసలో పిన్ను, లేకపోతే వీడియో మార్చే పీఐ3యూఎస్‌బీ30532 చిప్పు. పైన చెప్పిన ఉప్పు ఇక్కడా వర్తిస్తుంది.

శబ్దం వస్తోంది, స్క్రీన్ నల్లగా ఉందంటే టార్చి పక్కనుంచి వేసి చూడండి. మసకగా బొమ్మ కనిపిస్తే బ్యాక్‌లైట్ దారి, ముందు దాని కనెక్టర్ సరిగ్గా కూర్చుందో చూడండి. ఇంతకుముందు ఎవరో విప్పిన సెట్టయితే తొంభై పాళ్ళు కనెక్టరే.

ఆడేటప్పుడు వేలితో తిప్పే స్టిక్ తనంతట తాను జరుగుతుంటే అది బోర్డు సమస్య కాదు, స్టిక్ మార్చండి.

ఆన్ చేయగానే నీలి స్క్రీన్ వచ్చి ఆగిపోతే ప్రాసెసర్ కిందో, ర్యామ్ కిందో లెడ్డు బంతులు చిట్లి ఉంటాయి. బోర్డుని వేళ్ళతో కాస్త వంచితే ఆన్ అవుతుందని మురిసిపోకండి, అది రీబాల్ పని, అంటే చిప్పు తీసి లెడ్డు బంతులు కొత్తగా వేసి మళ్ళీ అతికించడం. ఇంకో బోర్డు మీది ప్రాసెసర్ తెచ్చి వేద్దామనుకుంటే కుదరదు. స్టోరేజీలో డేటా ఆ ప్రాసెసర్ తాళంతోనే ముడిపడి ఉంటుంది. రీబాల్ స్టేషన్ లేకపోతే ఆ సెట్టు మీద చేయి వేయకండి, కస్టమర్‌కి నిజం చెప్పి, డబ్బులు తీసుకోకుండా బోర్డు తిరిగి ఇచ్చేయండి.